ఎవరాయన? అద్భుతం అడిగించే ప్రశ్న

(యర్రగుంట్ల పేరయ్య స్మారక ఉపన్యాసం)



ఎవరి పేరు మీద ఈ ఉపన్యాసం జరుగుతోందో ఆయన్ని తలుచుకోకుండా విషయంలోకి దిగడానికి మనసొప్పదు. యర్రగుంట్ల పేరయ్య గారు కనిగిరి వైపు తాళ్లకొండపాడు మనిషి. మాదిగవాడలో పుట్టారు. తోళ్ల పని చేశారు, తోళ్ల బేరం మీద ఊళ్లు తిరిగారు. క్రీస్తు పేరు చెవిన పడకముందే యోగసాధనలో చాలా దూరం నడిచారు. 1866లో మిషనరీ లైమన్ జ్యూయెట్ దొర చేతుల మీదుగా ఆయన బాప్తిస్మం తీసుకున్నారు. అదే ఏడు సెప్టెంబరులో మరో మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టారు. ఆయన వచ్చేసరికే పేరయ్య గారు, ఆయన భార్య నాగమ్మ గారు తమ వాళ్ల మధ్య సువార్త పని మొదలుపెట్టేశారు. క్లౌ గారి భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మన పెద్దల నోటి మాటలు విని రాసిన పుస్తకం ఒకటి 1899లో అచ్చయింది. చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న సంగతులు అన్న అర్థం వచ్చే పేరు దానిది. పేరయ్య గారి గురించి మనకు తెలిసిన వాటిలో చాలా భాగం అందులోదే.

ఇవాళ్టి విషయం అద్భుతాలు. అవి మనుషుల్ని క్రీస్తు వైపు ఎలా నడిపిస్తాయి అన్నది. ఇక్కడే ఒక చిక్కుంది. పేరయ్య గారు అద్భుతం చూసి విశ్వాసి అయిన మనిషి కారు. కుంటివాడు లేచి నడిస్తే చూసి నమ్మలేదు, వెతుక్కుంటూ వెళ్లి, విని, ఆలోచించి నమ్మారు. అలాంటి వారి పేరు మీద అద్భుతాల గురించి మాట్లాడడం తగునా అని నేనూ ఆలోచించాను. తగును అనే తేల్చుకున్నాను. ఎందుకో చివరికి వచ్చేసరికి మీకే తెలుస్తుంది.

నేను చెప్పదలచుకున్నది ఒకటే మాట. అద్భుతం జరిగినప్పుడు మొదట పుట్టే ప్రశ్న, ఏం జరిగింది అన్నది. ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయినవాడికి అద్భుతం ఒక వార్త. ఇది చేసింది ఎవరు, ఆయన ఎలాంటివాడు అన్న రెండో ప్రశ్న దాకా వెళ్లినవాడికే అది దారి అవుతుంది. మొదటి ప్రశ్న నుంచి రెండో ప్రశ్నకు వెళ్లడానికి కాలం పడుతుంది. దానికి మూల్యం చెల్లించాలి. తోడు కూడా కావాలి. మన సంఘాల్లో ఆ మధ్య దూరాన్ని మనం పట్టించుకోవడం లేదన్నది నా బాధ.

1

మొదట సువార్తల్నే అడుగుదాం. అద్భుతం చూసిన ప్రతివాడూ నమ్మాడా?

పదిమంది కుష్ఠరోగులు బాగయ్యారు. తిరిగి వచ్చి కాళ్ల మీద పడింది ఒక్కడు, వాడూ సమరయుడు. మిగతా తొమ్మిది మంది ఒంటి మీదా అదే అద్భుతం జరిగింది. వాళ్ల చర్మం కూడా అంతే శుభ్రపడింది. బేతనియలో లాజరు సమాధిలోంచి నడిచి వచ్చాడు. కళ్లారా చూసినవాళ్లలో చాలామంది నమ్మారని యోహాను రాశాడు. ఆ వెంటనే, కొందరు నేరుగా పరిసయ్యుల దగ్గరికి వెళ్లి సంగతి చేరవేశారనీ రాశాడు. చనిపోయినవాడు లేచి రావడం చూసి కూడా ఫిర్యాదు చేయడానికి పోయినవాళ్లున్నారు.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది అయిదు రొట్టెల సంగతి. అయిదు వేలమంది కడుపునిండా తిన్నారు, గంపలకొద్దీ మిగిలింది. మర్నాడు అదే జనం యేసును వెతుక్కుంటూ సముద్రం దాటి కపెర్నహూముకు వచ్చారు. వచ్చి ఏమడిగారో గమనించండి. నిన్ను నమ్మాలంటే ఏ సూచకక్రియ చేసి చూపిస్తావని అడిగారు! నిన్న తిన్న రొట్టె ఇంకా అరగనైనా లేదు. ఆ అధ్యాయం చివరికి వచ్చేసరికి వెంట తిరిగినవాళ్లలోనే చాలామంది వెనక్కి పోయారు, పన్నెండు మంది మిగిలారు. ఇదంతా ఆయన దాచలేదు, శిష్యులు దాచలేదు, సువార్త రాసినవాళ్లు దాచలేదు. అద్భుతం మనిషి మెడ వంచదని ముందే చెప్పి ఉంచారు. గుడి శిఖరం మీంచి దూకి జనాన్ని నోరు మూయించవచ్చన్న ఆలోచన అరణ్యంలో ఎవరు పెట్టారో, ఆయన దాన్ని ఎలా తోసివేశారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

2

ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఒక్క మనిషి వెంట నడుద్దాం. యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలోని పుట్టుగుడ్డివాడు. బైబిళ్లు తెచ్చుకున్నవాళ్లు ఇంటికెళ్లాక ఇవాళ రాత్రే ఆ అధ్యాయం మొత్తం ఒక్క బిగిన చదవండి. నలభై ఒక్క వచనాలు. అందులో అద్భుతానికి పట్టింది మొదటి ఏడు వచనాలే. తక్కినదంతా ఆ తర్వాత ఏమైందన్న కథ. రచయిత ఆసక్తి ఎక్కడుందో ఆ లెక్కే చెబుతుంది.

విశ్రాంతి దినం. యేసు నేల మీద ఉమ్మివేసి, బురద చేసి, ఆ మనిషి కళ్లకు పూశారు. సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమన్నారు. వాడు వెళ్లాడు, కడుక్కున్నాడు, చూపుతో తిరిగి వచ్చాడు. ఆ కోనేటి మెట్లు 2004లో యెరూషలేములో మురుగునీటి గొట్టం పని జరుగుతుండగా బయటపడ్డాయి. అద్భుతం జరిగిందని ఆ మెట్లు రుజువు చేయవు, చోటు నిజమని మాత్రం చెబుతాయి.

ఇక్కడ మనం తరచుగా దాటిపోయే సంగతి ఒకటుంది. వాడు చూపుతో తిరిగి వచ్చేసరికి యేసు అక్కడ లేరు. అంటే తనకు చూపు ఇచ్చినవాణ్ని వాడు చూడనే లేదు. గొంతు విన్నాడు, వేళ్ల స్పర్శ తెలుసు, బురద తడి తెలుసు. ముఖం తెలియదు. ఇరుగుపొరుగు చుట్టూ మూగి, ఇతను వాడేనా, వాడిలా ఉన్న ఇంకొకడా అని వాదులాడుకుంటుంటే, నేనే, నేనే అని వాడే చెప్పుకోవలసి వచ్చింది. ఎవరు బాగు చేశారని అడిగితే యేసు అనే మనిషి అన్నాడు. ఎక్కడున్నాడంటే తెలియదన్నాడు. వాడి విశ్వాసం అంతా అప్పటికి ఒక పేరు, అంతే.

తర్వాత పరిసయ్యుల ముందు నిలబెట్టారు. విశ్రాంతి దినం మీరినవాడు దేవుని మనిషి ఎలా అవుతాడని కొందరు, పాపి అయితే ఇంత పని ఎలా చేయగలడని కొందరు, వాళ్లలోనే చీలిక వచ్చింది. నువ్వేమంటావని వీణ్ని అడిగారు. ప్రవక్త అన్నాడు. పొద్దున మనిషి, ఇప్పుడు ప్రవక్త. ఆ మధ్యలో కొత్త అద్భుతమేదీ జరగలేదు. వాడి చేత ఆ మాట అనిపించింది వాళ్లు వేసిన ప్రశ్నే.

తల్లిదండ్రుల్ని పిలిపించారు. వీళ్ల గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం. పుట్టినప్పటి నుంచి గుడ్డివాడైన కొడుకు ఇవాళ తమ ముఖాలు చూస్తున్నాడు. అంతకంటే పెద్ద మేలు ఏ తల్లికైనా ఏముంటుంది? అయినా, వీడు మా కొడుకే, గుడ్డివాడుగా పుట్టినమాట నిజమే, చూపెలా వచ్చిందో మాకు తెలియదు, వాడు పెద్దవాడే, వాణ్నే అడుక్కోండి అని తప్పుకున్నారు. సమాజమందిరం నుంచి వెలివేస్తారన్న భయం. వాళ్లను తిట్టిపోయకండి. వెలి అంటే ఏమిటో మన పల్లెల్లో తెలిసినవాళ్లున్నారు. నేను చెప్పేదల్లా, ఇంట్లో జరిగిన అద్భుతం కూడా మనిషిని రెండో ప్రశ్న దాకా తీసుకుపోకపోవచ్చని.

కొడుకు మాత్రం ఆగలేదు. రెండోసారి పిలిచి, ఆ మనిషి పాపి అని ఒప్పుకోమన్నారు. ఆయన పాపో కాదో నాకు తెలియదు, ఒక్కటే తెలుసు, నిన్నటి దాకా గుడ్డివాణ్ని, ఇవాళ చూస్తున్నాను అన్న అర్థంలో వాడు చెప్పిన మాట మీకందరికీ నోటికి వచ్చు. అందులోని నిజాయతీ చూడండి. తెలియనిదాన్ని తెలుసని వాడు అనలేదు. తెలిసినదాన్ని బెదిరింపులకు వదులుకోలేదు. అక్కడ నిలబడే సరికి ఆలోచన ముందుకు సాగింది. దేవుని దగ్గరి నుంచి రాకపోతే ఈయన ఇలాంటిది చేయగలిగేవాడు కాడు కదా అని వాళ్లకే ఎదురు పాఠం చెప్పాడు. వాళ్లు వాణ్ని గెంటివేశారు.

గెంటివేశారన్న మాట యేసు చెవిన పడింది. ఆయనే వాణ్ని వెతికి పట్టుకున్నారు. మొదటిసారిగా వాడు ఆ ముఖం చూశాడు. మనుష్యకుమారుణ్ని నమ్ముతావా అంటే, ఆయన ఎవరో చెప్పు, నమ్ముతానన్నాడు. నీతో మాట్లాడుతున్నవాడే అని తెలిశాక మొక్కాడు. చూపు వచ్చిన గంటలో కాదు, వెలి పడిన తర్వాత. మనిషి, ప్రవక్త, దేవుని దగ్గరి నుంచి వచ్చినవాడు, ప్రభువు. కళ్లు ఒక్క కడుగుతో తెరుచుకున్నాయి. విశ్వాసానికి మటుకు ఇన్ని మెట్లు ఎక్కవలసి వచ్చింది.

అదే అద్భుతం, అవే సాక్ష్యాలు, అదే ఊరు. విచారణ చేసిన పెద్దలు పొద్దున ఎక్కడున్నారో సాయంత్రానికి అంతకన్నా దూరం వెళ్లిపోయారు.

3

ఈ వరసలో ముందు నుంచే ఒక అనుమానం మీలో కొందరికి కలిగి ఉంటుంది, ముఖ్యంగా చదువుకుంటున్న కుర్రవాళ్లకు. ఇదంతా అద్భుతం నిజంగా జరిగిందనుకుంటే కదా? స్కాట్లండుకు చెందిన డేవిడ్ హ్యూమ్ 1748లో అచ్చువేసిన వ్యాసంలో ఈ మాటే గట్టిగా అడిగాడు. ప్రకృతి నియమం ఎన్నడూ తప్పలేదన్న మానవజాతి అనుభవం ఒకవైపు, తప్పిందని చెప్పే కొద్దిమంది సాక్ష్యం ఒకవైపు. తక్కెడ ఎటు మొగ్గుతుంది? మన దగ్గర గోరా గారు, గోపరాజు రామచంద్రరావు గారు, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. తర్వాత అది విజయవాడ పటమటకు వచ్చింది. నిప్పుల మీద నడవడం లాంటి వాటి గుట్టు జనం ముందు విప్పి చూపించారు వాళ్లు. అదే విజయవాడలో గుణదల కొండ మీద ఏటా ఫిబ్రవరిలో లక్షలమంది మేరీమాత ఉత్సవాలకు వచ్చి, తలనీలాలిచ్చి, కొబ్బరికాయ కొట్టి మొక్కు తీర్చుకుంటారు. వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉంటారు. ఒకే ఊళ్లో ఆ ప్రశ్న ఉంది, ఈ మొక్కూ ఉంది.

నాస్తిక కేంద్రం వాళ్లు అడిగే ప్రశ్నకు నేను కోపం తెచ్చుకోను. వాళ్లు అడిగేది, ఏం జరిగిందని. దానికి నిజాయతీగా జవాబివ్వని సంఘానికి రెండో ప్రశ్న అడిగించే అర్హత ఉండదు. యేసు కుష్ఠరోగుల్ని బాగుచేసి ఏమని పంపారో గుర్తు చేసుకోండి. యాజకుల దగ్గరికి వెళ్లి చూపించుకోమన్నారు. ధర్మశాస్త్రం ప్రకారం రోగం పోయిందో లేదో పరీక్షించి చెప్పవలసింది వాళ్లే. తన పనిని పరీక్షకు పంపింది ఆయనే. పరీక్ష అంటే అవిశ్వాసమని మనకు ఎవరు నేర్పారో నాకు తెలియదు, ఆయన మాత్రం నేర్పలేదు.

గుణదల ఉత్సవం ఫిబ్రవరి 11న జరగడానికి కారణం ఫ్రాన్సులోని లూర్దు. 1858లో ఆ తేదీన బెర్నదెత్ సుబిరూ అనే పద్నాలుగేళ్ల పేదపిల్ల, పిండిమర నడిపేవాడి కూతురు, ఒక గుహ దగ్గర మరియమ్మ దర్శనం చూసింది. నేను బాప్టిస్టు సంఘంలో పెరిగినవాణ్ని. మరియమ్మ విషయంలో కతోలిక సోదరులతో నాకు తేడాలున్నాయి, వాటిని ఇక్కడ దాచను. కానీ ఒక్క విషయంలో వాళ్ల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది. అక్కడ 1883 నుంచి ఒక వైద్య కార్యాలయం నడుస్తోంది. బాగయ్యానని చెప్పినవాళ్ల కాగితాలన్నీ అక్కడి వైద్యులు చూస్తారు. ఏ మతంవాడైనా, ఏ మతమూ లేనివాడైనా వైద్యుడైతే వచ్చి చూడవచ్చు. రోగం గట్టిదై ఉండాలి, ముందే నిర్ధారణ అయి ఉండాలి, ఉన్నపళంగా పూర్తిగా పోవాలి, ఏళ్ల తరబడి తిరగబెట్టకూడదు, వాడిన మందుల వల్ల పోయిందని చెప్పే వీలు ఉండకూడదు. వైద్యులు చెప్పేది కూడా, మాకు తెలిసిన వైద్యంతో దీన్ని వివరించలేం అన్నంత వరకే. అద్భుతమని అనడం ఆ రోగి సొంత ప్రాంతపు బిషపు పని. అక్కడ నమోదైన స్వస్థతలు 7,000 పైనే. 2018లో ఫ్రాన్సుకే చెందిన ఒక సన్యాసిని స్వస్థతను గుర్తించేనాటికి, అద్భుతమని ఒప్పుకున్నవి 70 మాత్రమే. 160 ఏళ్లలో 70! మన దగ్గర ఒక్క రాత్రి కూడికలో వేదిక మీద అంతకంటే ఎక్కువ ప్రకటిస్తారు.

ఆ లూర్దుకు 1902లో ఒక యువ వైద్యుడు వెళ్లాడు. అలెక్సిస్ కారెల్, లియోన్ నగరం. రోగుల రైల్లో వెళ్లవలసిన తోటి వైద్యుడి బదులు ఎక్కాడు. చిన్నప్పటి భక్తి ఎప్పుడో ఆరిపోయింది, నమ్మకం ప్రయోగశాల మీదే. ఆ రైల్లో మరీ బయీ అనే అమ్మాయి ఉంది. క్షయ కడుపులోకి పాకింది, పొట్ట ఉబ్బిపోయింది. ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోతుందని వైద్యులు ముట్టుకోలేదు. లూర్దు చేరేసరికి చావుకు దగ్గరగా ఉంది. నీళ్లలో ముంచే స్థితి కూడా కాదు. పొట్ట మీద అక్కడి ఊట నీళ్లు పోశారు. కారెల్ పక్కనే నిలబడి నాడి చూస్తున్నాడు. కాసేపటికి ముఖంలో రంగు మారింది, నాడి కుదుటపడింది, కళ్లముందే దుప్పటి కింద ఉబ్బు తగ్గుతూ వచ్చింది. చొక్కా చేతి కఫ్ మీద సమయం రాసి పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి తర్వాత సన్యాసిని అయి, రోగుల సేవలో ఉండి, 1937లో చనిపోయింది.

మరి కారెల్? అదే సాయంత్రం మోకరించి విశ్వాసి అయిపోయాడని చెబితే కూడికల్లో చప్పట్లు పడతాయి. అలా జరగలేదు. చూసింది చూసినట్టు చెప్పాడు. అలా చెప్పినందుకు లియోన్ వైద్యవర్గాల్లో ఎదగడం కష్టమైంది, 1904లో దేశం వదిలాడు. అమెరికాలో చేసిన రక్తనాళాల కుట్టు పనికి 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఏం జరిగిందన్న ప్రశ్నకు వైద్యుడిగా తనకు తెలిసిన జవాబు తన దగ్గర ఉంది. ఎవరు చేశారన్న ప్రశ్న ముందు మాత్రం ఏళ్లకేళ్లు తచ్చాడాడు. ఈ మధ్యలో మనుషుల్ని మేలురకం, నాసిరకం అని వేరుచేసే జాతిశుద్ధి వాదాన్ని 1935లో పుస్తకంలో రాశాడు. అది ఘోరమైన మాట. లూర్దులో ఆ పేదపిల్ల పక్కన నిలబడ్డవాడు అలా రాయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చివరి ఏళ్లలో బ్రిటనీలో ఒక సన్యాసితో స్నేహం కుదిరింది. ఆ స్నేహంలో ప్రశ్న మళ్లీ కదిలింది. 1944లో మరణశయ్య మీద సంఘ సంస్కారాలు తీసుకున్నాడు. కఫ్ మీద సమయం రాసుకున్న నాటికీ ఆ రోజుకూ మధ్య 42 ఏళ్లు. లూర్దు కథనం ఆయన పోయాకే బయటికొచ్చింది. అందులో తన పేరు తిరగేసి లెరాక్ అని పెట్టుకున్నాడు.

ఇంకొక్క మాట చేర్చాలి. మరీ బయీ స్వస్థతను అద్భుతాల జాబితాలో సంఘం ఇప్పటికీ చేర్చలేదు. మొదట్లో చూసిన వైద్యులు ఒక మానసిక కారణాన్ని పరిశీలించకుండా వదిలేశారని 1964లో పక్కన పెట్టేశారు. నోబెల్ గ్రహీత కళ్లారా చూశాడు కదా, వేసేద్దాం అనుకోలేదు. ఆ నిగ్రహం నాకు భక్తిలాగే కనిపిస్తుంది.

4

బాగుపడనివాళ్ల మాట చెప్పకుండా ఈ విషయం మాట్లాడేవాణ్ని నేను నమ్మను.

మా వీధిలో ఒక తల్లి షుగరు పోయిందని కూడికలో సాక్ష్యం చెప్పింది. జనం స్తోత్రాలు చెప్పారు. తర్వాతి వారం ఆమె కొడుకు మా ఇంటికొచ్చి, అమ్మ ఇన్సులిన్ మానేసింది, మీరైనా చెప్పండి మాస్టారూ అన్నాడు. నేను వెళ్లాను. ఆమె అన్న మాట ఇది: ఇప్పుడు మళ్లీ సూది వేసుకుంటే దేవుణ్ని అబద్ధికుణ్ని చేసినట్టు కాదా బాబూ? ఎంత భారం పెట్టాం ఆ మనిషి మీద! తన రక్తంలో చక్కెర ఎంతుందన్న దాని మీద దేవుని పరువు నిలబడి ఉందని ఆమె చేత నమ్మించాం. అద్భుతం ఎవరి వైపు చూపించాలో ఆయన వైపు కాక తన ఒంటి వైపే ఆమె భయంభయంగా చూసుకునేట్టు చేశాం. వేదికల మీద నుంచి మందులు మానమని చెప్పేవాళ్లుంటే, వాళ్లెంత పేరున్నవాళ్లయినా, ఈ మాట నేను వాళ్ల ముఖం మీదే అంటాను: అది హింస.

బెర్నదెత్‌కే చిన్నప్పటి నుంచి ఉబ్బసం. తర్వాత ఎముకల క్షయ. ఆమె వేళ్లతో తవ్విన చోట పుట్టిన ఊటకు దేశదేశాల నుంచి రోగులు వస్తుంటే, ఆమె నెవేర్ మఠంలో మంచం పట్టి 1879లో ముప్పై అయిదేళ్లకు చనిపోయింది. ఆ ఊట తనకోసం కాదని ఆమె నెమ్మదిగా ఒప్పుకున్న తీరు రికార్డయింది. పౌలు తన ఒంట్లోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, కృప దొరికింది. ఇతరుల రోగాలు బాగుచేసిన చేతులే అవి. వీళ్లిద్దరూ ఆ ఇచ్చేవాడు ఎవరో ఎరిగినవాళ్లు, అందుకే ఇవ్వనప్పుడు కూడా ఆయన్ని వదల్లేదు.

5

ఇప్పుడు మన ఊరికి వద్దాం.

1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు పక్కన కొండ మీద అయిదుగురు ప్రార్థన చేశారు. జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు. వాళ్లు పనిచేస్తున్న నెల్లూరు మిషను అప్పటికి ఫలితం లేని పని. దాన్ని మూసేద్దామా అని అమెరికాలో బోర్డు చర్చించి సంవత్సరమైనా కాలేదు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని ఆ అయిదుగురు అడిగారు. పన్నెండేళ్లకు క్లౌ దొర వచ్చారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 78 దాకా. యౌవనంలో సర్వేయరు పని తెలిసిన క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో చస్తున్నవాళ్లకు కూలి ఇచ్చారు. పేరయ్య గారిలాంటి బోధకులు మేస్త్రీలుగా నిలబడ్డారు. పని ఆపిన వేళల్లో వాళ్లు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడిగారు. క్లౌ దొర ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వస్తున్నారన్న మాట పడకూడదని పదిహేను నెలల పాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కరువు సాయం పని ముగిసింది, ఇక ఇవ్వడానికి డబ్బు లేదు, ఇళ్లకు పొండి అని చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. సాయం అడగం, బాప్తిస్మం ఇస్తే చాలన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మమైంది. ఒడ్డున పేర్లు చదువుతుంటే, నీళ్లలో ఒకసారికి ఇద్దరేసి బోధకులు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు దిగేవారు. మొత్తం ఆరుగురు, అందరూ మనవాళ్లే. క్లౌ దొర ఒక్కరికీ తన చేత్తో ఇవ్వలేదు.

ఇది అద్భుతమా? కులం కింద నలిగిపోయిన జనం గౌరవం కోసం మతం మారారు, కరువు తోసింది, అంతే అని చరిత్రకారులు రాశారు. వాళ్లు చెప్పిన కారణాలు నిజం. నేను వాటిలో ఒక్కదాన్నీ కొట్టిపారెయ్యను. మాదిగవాడకు దేవుడు ఒక కాలువ కూలి ద్వారా, తలెత్తుకునే ఆశ ద్వారా దగ్గరయితే ఆయనకేమి చిన్నతనం? కానీ ఆ కారణాలు ఒకచోట ఆగుతాయి. విశ్వాసంలోకి వచ్చినవాళ్లు ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఈ మూడిటితో ఊరి పెద్దలకు కోపం వచ్చింది. బావి దగ్గరికి రానివ్వలేదు, పొలం పనికి పిలవలేదు. జాతరలో డప్పు కొట్టనన్నందుకు కొట్టారు. గింజల కోసం వచ్చినవాడు గింజలు ఆగిపోయాక ఈ దెబ్బలు ఎందుకు తింటాడు? ఆ పుట్టుగుడ్డివాడిలాగే వీళ్లూ వెలి పడ్డారు. వెలి పడ్డ చోట యేసు వీళ్లనూ వెతుక్కుంటూ వచ్చారని వాళ్ల సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని పక్కనపెట్టి రాసిన చరిత్రలో ఆ మనుషులే కనపడరు.

ఇక్కడికి వచ్చాక పేరయ్య గారి దగ్గరికి తిరిగి వెళ్లగలను. 1867 జనవరిలో క్లౌ దొర మొదటిసారి తాళ్లకొండపాడు వెళ్లారు. పేరయ్య గారు ముందే ఊరూరా కబురు పెట్టారు. ముప్పై మందికి పైగా మూటలు నెత్తిన పెట్టుకుని వచ్చారు. మూటల్లో తిండి, మార్చుకోవడానికి ఒక జత బట్టలు. యేసు గురించి వినడానికి కొన్నాళ్లు ఉండిపోతామన్నారు. అయిదు రోజులు విన్నారు, అడిగారు, అడిగించుకున్నారు. ఆ ఆదివారం 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లకు ఎవరూ అద్భుతం చూపించలేదు. వాళ్ల ముందున్నది పేరయ్య గారే. ఇంతకాలం తమతో తోళ్ల బేరం చేసిన మనిషి, తమకు తెలిసిన మనిషి, ఇలా ఎలా మారాడు, ఇతన్ని మార్చింది ఎవరు? కోనేటి నుంచి తిరిగొచ్చిన వాణ్ని చుట్టుముట్టిన ఇరుగుపొరుగు వేసిన ప్రశ్నే ఇది. పేరయ్య గారి పేరు మీద అద్భుతాల గురించి మాట్లాడవచ్చని నేను తేల్చుకున్నది అందుకు.

పాస్టర్లకు, సంఘ పెద్దలకు ఒక మనవి చేసి కూర్చుంటాను. ప్రతి సంఘంలో ఒక సాక్ష్యాల పుస్తకం పెట్టండి. స్వస్థత పొందామని చెప్పినవారి మాట అందులో రాయండి. ఏ రోగం, ఎప్పటి నుంచి, ఏ డాక్టరు ఏమన్నారు, మందులు వాడుతున్నారా, తేదీతో సహా. వేదిక ఎక్కించడానికి తొందరపడకండి. పక్క పేజీ ఏడాది తర్వాతి కోసం వదిలిపెట్టండి. అప్పుడు వాళ్లింటికి వెళ్లి, రోగం సంగతి అడిగాక, ప్రభువు గురించి ఈ ఏడాదిలో మీకు ఏం తెలిసిందని అడగండి. రోగం తిరగబెట్టిన ఇంటికి ముందు వెళ్లండి. పుస్తకాలు నేను బైండు చేయించి తెచ్చాను, గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి. వెళ్లేటప్పుడు మీ సంఘం పేరు రాయించి ఒకటి పట్టుకెళ్లండి.